ఎం.ఏ. లింగ్విస్టిక్స్ తరవాత: పీహెచ్‌డీనా, బీఈడీనా, ఉన్న కాంట్రాక్టు ఉద్యోగమేనా?

ప్రశ్న

పార్వతీపురం మన్యం జిల్లా నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు చెప్పొద్దన్నారు, అందుకే విషయం మాత్రం కుదించి పెడుతున్నాను.

వయసు 25. డిగ్రీలో తెలుగు, ఇంగ్లిష్, చరిత్ర చదివారు, తరవాత హైదరాబాదులో ఎం.ఏ. లింగ్విస్టిక్స్ (భాషాశాస్త్రం) చేశారు. ఎం.ఏ. ప్రాజెక్టు కోసం సీతంపేట వైపు గూడేల్లో ఉండి సవర అనే గిరిజన భాషలో మాటలు, కథలు రికార్డు చేసుకొచ్చారు. యూజీసీ నెట్ పరీక్షలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వచ్చింది కానీ జేఆర్‌ఎఫ్ (పరిశోధనకి నెలనెలా డబ్బిచ్చే ఫెలోషిప్) రాలేదు, అన్ని సబ్జెక్టులవాళ్ళకీ ఉమ్మడిగా ఉండే పేపర్-1 దెబ్బ తీసిందంటున్నారు. ఇప్పుడు మాదాపూర్‌లో ఒక ఏజెన్సీ తరఫున పనిచేస్తున్నారు. తెలుగు ఆడియో విని టైప్ చెయ్యడం, ఏఐ ఇచ్చిన తెలుగు జవాబులు బాగున్నాయో లేదో చూసి మార్కులు వెయ్యడం, ఇదీ పని. జీతం 27 వేలు, అందులో పది వేలు ఇంటికి పంపుతారు. కాంట్రాక్టు మార్చితో అయిపోతుంది, పొడిగిస్తారో లేదో ఎవరూ చెప్పడం లేదు. నాన్నగారు ఆర్టీసీ డ్రైవరు, ఇంకో రెండేళ్ళలో రిటైర్ అవుతారు. తమ్ముడు ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఉన్నాడు.

సలహాలకి మాత్రం కొరత లేదు. ప్రొఫెసరుగారు సవర మీద పీహెచ్‌డీ చెయ్యమంటున్నారు. మేనమామ బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు. తమ్ముడు ఎనభై వేల డేటా సైన్స్ కోర్సు చూపిస్తున్నాడు. స్నేహితురాళ్ళలో ఒకరు జర్మనీ అంటే, ఇంకొకరు స్పీచ్ థెరపీ అంటున్నారు. ఇంట్లో సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. "మా టీమ్ లీడ్‌కి లింగ్విస్టిక్స్ అంటే ఏంటో తెలీదండీ. మా వైపు మనుషులు ‘తినీసినాడు’ అని మాట్లాడితే ‘తినేశాడు’ అని దిద్దమంటారు. అది దిద్దేటప్పుడల్లా నా చేత్తో నేనే అబద్ధం రాస్తున్నట్టుంటుంది. నేను తప్పు చదువు చదివానా? ఈ వయసులో ఇంకా ఇలా ఉన్నానంటే ఆలస్యమైపోయినట్టేనా?" అని అడుగుతున్నారు.

సమాధానం

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పీహెచ్‌డీ గురించి మీరు రాసింది నాలుగు లైన్లు, బీఈడీ గురించి రెండు. సవర గూడేల్లో రికార్డింగుల గురించి, ఈ ‘తినీసినాడు’ గొడవ గురించి మాత్రం పేజీన్నర రాశారు. మీరు తప్పు చదువు చదవలేదని చెప్పడానికి నాకు వేరే ఆధారం అక్కర్లేదు. మనసు పెట్టి చదివినవాళ్ళకే అలాంటి దిద్దుబాటు బాధ పెడుతుంది. కానీ ఇష్టం ఉన్నంత మాత్రాన జీతం రాదు కదా, అందుకని డబ్బు సంగతి, టైమ్ సంగతి, పని సంగతి విడదీసి మాట్లాడుకుందాం. మీ టెన్షన్‌లో సగం ఆ మూడూ కలిసిపోవడం వల్ల వచ్చిందే.

ముందు టైమ్. మీకు ఆలస్యమేమీ కాలేదు. జేఆర్‌ఎఫ్‌కి వయసు పరిమితి 30 ఏళ్ళు, మహిళలకి ఐదేళ్ళ సడలింపు ఉంది. అంటే మీకు 35 దాకా అవకాశం ఉంది, పరీక్ష ఏడాదికి రెండుసార్లు పెడతారు. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకైతే వయసు పరిమితే లేదు, అది మీకు వచ్చేసింది కూడా. కాబట్టి "ఇప్పుడు పీహెచ్‌డీలో చేరకపోతే ఇక అంతే" అని ఎవరన్నా అంటే నమ్మకండి. మీకు నిజంగా తరుముకొస్తున్నది మార్చి ఒక్కటే. ఆ నెల తరవాత ఇంటికి పది వేలు ఎలా పంపాలి అన్నది తేలితే మిగతావన్నీ స్థిమితంగా ఆలోచించుకోవచ్చు.

అందుకే పీహెచ్‌డీ లెక్క డబ్బుతోనే మొదలుపెడతాను. జేఆర్‌ఎఫ్ ఉంటే మొదటి రెండేళ్ళు నెలకి 37 వేలు, తరవాత 42 వేలు, పైన ఇంటి అద్దె భత్యం. ఇప్పుడొచ్చే జీతం కన్నా ఎక్కువే, ఇంటికి పంపేది ఆగదు. జేఆర్‌ఎఫ్ లేకుండా సెంట్రల్ యూనివర్సిటీలో చేరితే నాన్-నెట్ ఫెలోషిప్ నెలకి 8 వేలు. చాలా స్టేట్ యూనివర్సిటీల్లో అదీ ఉండదు. ఎనిమిది వేలతో హైదరాబాదులో మీరొక్కరు నెట్టుకురావడమే కష్టం, అలాంటిది నాన్నగారు రిటైరయ్యే సమయంలో నాలుగైదేళ్ళు అలా గడపాలంటే ఇంట్లో రోజూ ఒక పంచాయితీ నడుస్తుంది, మీ రీసెర్చి కూడా దాని కింద నలిగిపోతుంది. ప్రొఫెసరుగారు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. కానీ ఆయన్ని ఒక్క మాట అడగండి: "సార్, నాకు ఫెలోషిప్ ఎక్కణ్ణుంచి వస్తుంది?" దానికి ఆయన దగ్గర స్పష్టమైన జవాబు ఉంటే, అంటే మంజూరైన ప్రాజెక్టులో మీకు జీతం ఇవ్వగలిగితే, అప్పుడు లెక్క మారుతుంది.

మీరు బీసీ అని రాశారు. ఓబీసీలకి జాతీయ ఫెలోషిప్ ఒకటి ఉంది, ఇచ్చే డబ్బు జేఆర్‌ఎఫ్‌తో సమానం, నెట్ మెరిట్ మీదే ఇస్తారు. జేఆర్‌ఎఫ్ తృటిలో తప్పినవాళ్ళకి ఇది చాలా పెద్ద ఆసరా, అయినా మన పిల్లల్లో చాలామంది దాని సంగతే చూసుకోరు. నెట్ దరఖాస్తు నింపేటప్పుడే దాని గురించి నోటిఫికేషన్‌లో ఏం రాశారో పూర్తిగా చదవండి. ఇంకో మెలిక ఉంది, రాష్ట్ర బీసీ జాబితాలో ఉండి కేంద్ర ఓబీసీ జాబితాలో లేని కులాలు ఉన్నాయి. ముందు అది చూసుకుని, నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్ కేంద్రం ఫార్మాట్‌లో తీయించుకోండి. పేపర్-1 సంగతి మీకు తెలిసిందే, మొత్తం 150 ప్రశ్నల్లో 50 అక్కడివే, అన్నిటికీ రెండేసి మార్కులే, నెగెటివ్ మార్కులు లేవు. సింటాక్స్ (వాక్య నిర్మాణం) మీద మీకున్న పట్టు అక్కడ అక్కరకు రాదు, పట్టికలు చూసి లెక్కలు కట్టడం, టీచింగ్ ఆప్టిట్యూడ్ లాంటివి కూర్చుని సాధన చెయ్యాల్సిందే. ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు చేసుకోదగ్గ పని అది.

పీహెచ్‌డీ తరవాత ఏంటన్నది కూడా చెప్పాలి. తెలుగు రాష్ట్రాల్లో లింగ్విస్టిక్స్ బోధించే చోట్లు చాలా తక్కువ: ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయం, తెలుగు విశ్వవిద్యాలయం, దాదాపు ఇంతే. ఇంటర్‌లో, మామూలు డిగ్రీ కాలేజీల్లో ఈ సబ్జెక్టు కనపడదు కాబట్టి జూనియర్ లెక్చరర్ నోటిఫికేషన్ మీద ఆశ పెట్టుకోలేం. పర్మినెంటు పోస్టు పడేదాకా గెస్ట్ ఫ్యాకల్టీగా ఏళ్ళు గడిపేవాళ్ళున్నారు. ఇదంతా భయపెట్టడానికి చెప్పడం లేదు. పీహెచ్‌డీ చేస్తే సవర మీద ఇష్టంతో, ఫెలోషిప్ చేతిలో పెట్టుకుని చెయ్యండి. లెక్చరర్ ఉద్యోగం ఖాయమనుకుని మాత్రం చేరొద్దు.

ఇప్పుడున్న పని దగ్గరికి వద్దాం. దీన్ని మీరు చిన్నచూపు చూస్తున్నారు, నేను చూడను. మీ లీడ్‌తో గొడవనే తీసుకోండి. ‘తినీసినాడు’ అని వినపడితే ‘తినేశాడు’ అని రాయాలా వద్దా అన్నది ఆ డేటా దేనికోసం అన్నదాన్ని బట్టి ఉంటుంది. గొంతు విని మాట పోల్చుకోవడం మెషీన్‌కి నేర్పాలంటే వినపడింది వినపడినట్టే రాయాలి. అలా రాయకపోతే శ్రీకాకుళం మనిషి మాట్లాడినా, కరీంనగర్ మనిషి ‘వచ్చిండు’ అన్నా దానికి ఎప్పటికీ అర్థం కాదు. ఆ రాతనే తీసుకుని అనువాదానికో, వెతుకులాటకో వాడాలంటే ప్రామాణిక రూపం కూడా కావాలి. అందుకే పద్ధతి తెలిసినవాళ్ళు రెండు వరసలు పెట్టుకుంటారు, ఒకటి పలికినట్టు, రెండోది ప్రామాణికంగా. మీరు చెప్పాల్సింది "ఇది తప్పు" అని కాదు, "రెండు వరసలు పెడదాం, ఎందుకంటే..." అని ఒక పేజీ నోటు. ఎప్పుడు దిద్దాలి, ఎప్పుడు దిద్దకూడదు, ‘వాడొచ్చాడు’ని ఒక మాటగా రాయాలా రెండుగానా, ‘కాల్ చేశా’ లాంటి వాటిలో ఇంగ్లిష్ మాట ఏ లిపిలో రాయాలి, ఇవన్నీ ఉదాహరణలతో రాసి ఇవ్వండి. మీ లీడ్ పక్కన పడేసినా సరే, ఆ నోటు రాయడం మీకు అలవాటవుతుంది.

ఎందుకంటే ఈ రంగంలో జీతం తేడా అక్కడే ఉంది. గైడ్‌లైన్స్ చూసి క్లిప్పులు టైప్ చేసేవాళ్ళ పని ఎప్పుడైనా పోవచ్చు, రోజురోజుకీ అందులో ఎక్కువ భాగం మెషీనే చేసేస్తోంది. ఆ గైడ్‌లైన్స్ రాసేవాళ్ళు, ఇద్దరు వేరువేరుగా రాస్తే ఎందుకు తేడా వచ్చిందో తేల్చేవాళ్ళు, మెషీన్ తెలుగులో ఎక్కడ, ఏ రకంగా తప్పుతోందో వర్గాలు చేసి చూపించగలిగినవాళ్ళు, వీళ్ళు వేరే కోవ. ఉద్యోగ ప్రకటనల్లో వీళ్ళని లాంగ్వేజ్ ఇంజినీర్ అనో, అనలిటికల్ లింగ్విస్ట్ అనో, కంప్యుటేషనల్ లింగ్విస్ట్ అనో అంటారు. వీటిలోనూ కాంట్రాక్టులు ఉంటాయి, కానీ ఒక ప్రాజెక్టు అయిపోతే ఇంకోచోటికి వెళ్ళడానికి చేతిలో పని ఉంటుంది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం వచ్చింది కదా, ఏ ప్రాంతంలో ఏ మాట అంటారో సేకరించి పద్ధతిగా పేర్చిన పని అది. మీరు చెయ్యాలనుకుంటున్నదీ ఆ కోవలోదే.

కంపెనీ డేటాని మాత్రం బయట చూపించకండి, ఒప్పందంలో ఇబ్బంది పడతారు. చూపించుకోవడానికి సొంత పని కావాలి. అందరికీ అందుబాటులో ఉన్న తెలుగు పాఠాలు కొన్ని తీసుకుని యూనివర్సల్ డిపెండెన్సీస్ (అన్ని భాషల వాక్యాలకీ ఒకే తరహా వ్యాకరణ గుర్తులు పెట్టే) పద్ధతిలో వాక్యాలు విడదీసి గుర్తులు పెట్టండి. తెలుగుకి అందులో ఉన్న ట్రీబ్యాంక్, అంటే అలా గుర్తులు పెట్టిన వాక్యాల సంకలనం, చాలా చిన్నది, వెయ్యి పైచిలుకు వాక్యాలు, అవీ కృష్ణమూర్తి, గ్విన్ రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణంలోని ఉదాహరణలే. అంటే చెయ్యాల్సింది ఇంకా బోలెడు మిగిలి ఉంది. ఉత్తరాంధ్ర మాటతీరుతో రెండొందల వాక్యాలు మీరు సరిగ్గా చేసి పెట్టినా, ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా అదే ఎక్కువ మాట్లాడుతుంది.

మీ తమ్ముడు పైథాన్ నేర్చుకోమనడం సరైనదే, ఎనభై వేలు కట్టమనడం మాత్రం వద్దు. అమీర్‌పేట తరహా డేటా సైన్స్ కోర్సుల్లో మీకు అక్కర్లేనిది చాలా ఉంటుంది. మీకు కావాల్సింది ఫైలు చదవడం, మాటలు లెక్కపెట్టడం, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్‌తో (మాట నమూనా ఇచ్చి) వెతకడం, కంప్యూటర్‌లో అక్షరాలకి కోడ్‌లిచ్చే యూనికోడ్‌లో తెలుగు ఎలా ఉంటుందో అర్థం చేసుకోవడం. కంటికి ఒక్క అక్షరంగా కనిపించే ‘స్త్రీ’ మెషీన్‌కి ఆరు కోడ్‌లు. ఇది తెలియకుండా అక్షరాలు లెక్కపెట్టే ప్రోగ్రాం రాస్తే అన్నీ తప్పులే వస్తాయి. భాష మీద పనికి వాడే ఎన్‌ఎల్‌టీకే లాంటి పైథాన్ సామగ్రి అంతా ఉచితం, రికార్డింగులు విశ్లేషించే ప్రాట్, ఎలాన్ సాఫ్ట్‌వేర్లు మీకు ఎలాగూ వచ్చు. ఫైనలియర్‌లో ఉన్న తమ్ముడు ఆదివారాలు పక్కన కూర్చుని నేర్పితే చాలు, ఆ ఎనభై వేలు మార్చి తరవాతి నెలలకి దాచండి.

ఈ దారిలో కాస్త ముందుకెళ్ళాక గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో ఉన్న లాంగ్వేజ్ టెక్నాలజీస్ రీసెర్చ్ సెంటర్ వైపు చూడండి. యంత్రానువాదం మీద అక్కడ ఎన్నో ఏళ్ళుగా పని జరుగుతోంది, భాష తెలిసినవాళ్ళూ కోడ్ తెలిసినవాళ్ళూ కలిసి కూర్చునే చోటు. 2022లో కేంద్ర ప్రభుత్వ భాషా అనువాద వేదిక భాషిణి మొదలయ్యాక దేశంలో ఇలాంటి ప్రాజెక్టులు పెరిగాయి. మైసూరులో భారతీయ భాషల కేంద్ర సంస్థ, నెల్లూరులో తెలుగు ప్రాచీన భాషా కేంద్రం కూడా అప్పుడప్పుడూ ప్రాజెక్టు స్టాఫ్‌ని తీసుకుంటాయి, వాటి నోటిఫికేషన్లు గమనిస్తూ ఉండండి. కోల్‌కతాలో జనగణన శాఖకి ఒక భాషా విభాగం ఉంది. 2011 జనగణనలో జనం తమ మాతృభాషగా చెప్పిన పేర్లు 19,569. వాటిని పరిశీలించి 1,369 మాతృభాషలుగా, వాటిలో పదివేల మంది పైన మాట్లాడేవాటిని 121 భాషలుగా తేల్చింది ఆ విభాగమే. పోస్టులు అరుదు, కానీ పడితే మన సబ్జెక్టు వాళ్ళకే.

సవర విషయం ఒక్క పీహెచ్‌డీకే ముడిపెట్టకండి. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాచకాలు రాసి, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. ఉద్యోగం ఒకటి, భాషాకృషి ఒకటిగా బతికిన మనిషి మీ పక్క ఊళ్ళోనే ఉన్నారన్నమాట. ఇవాళ గిరిజన పరిశోధన సంస్థల్లో మాతృభాషా వాచకాల పనులు వస్తుంటాయి, తాత్కాలికమే అయినా అనుభవం వస్తుంది. 2025లో కేంద్ర గిరిజన శాఖ ఆది వాణి అనే అనువాద యాప్ తెచ్చింది, సంతాలీ, భీలీ, ముండారీ, గోండీ భాషలతో మొదలైంది. సవర అందులో చేరే రోజు వస్తే, గూడేల్లో తిరిగి, పద్ధతిగా రికార్డు చేసి, ఎవరు మాట్లాడారో ఏ ఊరో రాసి పెట్టుకున్నవాళ్ళు ఎంతమంది దొరుకుతారు చెప్పండి. మీ రికార్డింగులు వెంటనే రెండు చోట్ల కాపీ చేసి పెట్టండి, ఎవరికైనా ఇచ్చే ముందు ఆ మాట్లాడిన పెద్దవాళ్ళ అనుమతి తప్పకుండా తీసుకోండి. అది వాళ్ళ సొత్తు.

మేనమామగారి బీఈడీ మాట కొట్టిపారెయ్యదగ్గది కాదు. జీతం, పెన్షను, సొంత జిల్లాలో ఉండటం, ఇవన్నీ ఆయన అక్కరతో చెప్పినవే. కానీ దాని లెక్క కూడా పూర్తిగా చూడాలి. రెండేళ్ళ కోర్సు, టెట్, తరవాత డీఎస్సీ. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తరవాత నియామకాల దాకా వచ్చిన డీఎస్సీ 2025లో 16,347 పోస్టులది, మధ్యలో ఏడేళ్ళు. అక్కడ మీ డిగ్రీ సబ్జెక్టులు చూస్తారు, లింగ్విస్టిక్స్ ఎం.ఏ.కి ప్రత్యేకంగా విలువ ఉండదు. పిల్లలకి పాఠం చెప్పడం మీకు ఇష్టమైతే, ముఖ్యంగా మన్యం బడుల్లో, ఇది చాలా గౌరవమైన దారి, సవర కాస్తో కూస్తో వచ్చిన టీచరు దొరకడం ఆ పిల్లల అదృష్టం కూడా. ఇష్టం లేకుండా భద్రత కోసం మాత్రమే అయితే ఇప్పుడే కాదు, ఏడాది ఆగి చూడండి. అప్పటికీ బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ ఉంటుంది.

స్పీచ్ థెరపీ మీకు కుదరదు, దాని మీద టైమ్ పెట్టకండి. దానికి ఇంటర్ సైన్స్ తరవాత బీఏఎస్‌ఎల్‌పీ అనే డిగ్రీ చెయ్యాలి, రీహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అవ్వాలి, లింగ్విస్టిక్స్ ఎం.ఏ.తో పక్కదారి లేదు. జర్మనీ సంగతి: సార్‌బ్రూకెన్‌లో భాషా సాంకేతికత కోర్సు ట్యూషన్ ఫీజు లేకుండా ఇంగ్లిష్‌లో చదవొచ్చు, ట్యూబింగెన్, స్టుట్‌గార్ట్‌లలో విదేశీయులకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు. కానీ వీసాకి ఏడాది ఖర్చు ముందే బ్లాక్‌డ్ అకౌంట్‌లో చూపించాలి, 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు, అంటే మన డబ్బులో పన్నెండు లక్షల చుట్టుపక్కల. పైగా ఆ కోర్సులవాళ్ళు ప్రోగ్రామింగ్ ఎంత వచ్చో చూస్తారు. అప్పు చేసి ఇప్పుడు వెళ్ళొద్దు. పైథాన్ వచ్చాక స్కాలర్‌షిప్ ఉన్న యూరప్ ఎరాస్మస్ కోర్సులకి, లేదా జీతం ఇచ్చే పీహెచ్‌డీలకి దరఖాస్తు చేస్తే అది వేరే సంగతి. మీరు అడగలేదు కానీ సివిల్స్ ఆలోచన ఎప్పుడైనా వస్తే ఒకటి గుర్తుంచుకోండి, యూపీఎస్సీలో లింగ్విస్టిక్స్ ఆప్షనల్‌గా లేదు, తెలుగు సాహిత్యం తీసుకుంటే మొదటి పేపర్లో భాషా చరిత్ర భాగం మాత్రం మీరు చదివిందే.

నా మొగ్గు ఎటో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఇప్పుడున్న పనిలోనే గైడ్‌లైన్స్ వైపు జరగడం, రోజూ కాసేపు పైథాన్, జూన్ నెట్‌కి పేపర్-1 గట్టిగా చదవడం. జేఆర్‌ఎఫ్ గానీ ఓబీసీ ఫెలోషిప్ గానీ వస్తే సవర మీద పీహెచ్‌డీ, రాకపోతే లాంగ్వేజ్ టెక్నాలజీలో ఉద్యోగం పట్టుకుని డిసెంబరులో మళ్ళీ నెట్. కాంట్రాక్టు ఆగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఈ నెల నుంచే వేరేచోట్ల దరఖాస్తులు పెట్టండి, మార్చి దాకా ఆగొద్దు. మీరు వేరేలా నిర్ణయించుకున్నా తప్పేం లేదు, ఏ దారికి ఎంత ఖర్చో తెలిసి నిర్ణయించుకోండి.

ఇంట్లో మాట్లాడేటప్పుడు లింగ్విస్టిక్స్ గొప్పతనం గురించి ఉపన్యాసం వద్దు. నాన్నగారికి కావాల్సింది మూడు సంగతులు: ఇప్పుడెంత వస్తోంది, కాంట్రాక్టు ఆగినా ఎన్ని నెలలు పది వేలు పంపగలరు, ఏ తేదీకల్లా ఏదీ తేలకపోతే ఎడ్‌సెట్ రాస్తారు. కాగితం మీద రాసి ఆయన చేతికివ్వండి, మేనమామగారు ఉన్నప్పుడైతే ఇంకా మంచిది. సంబంధాల సంగతి వచ్చినప్పుడు మీ నెట్ పరీక్షల గురించి, తరవాత నెలల తరబడి గూడేల్లో ఉండాల్సి రావచ్చన్న సంగతి మొదటి మాటల్లోనే అబ్బాయికీ వాళ్ళవాళ్ళకీ చెప్పమనండి. పెళ్ళయ్యాక చెప్పుకుందాంలే అంటే మాత్రం ఒప్పుకోకండి.